పి.డి.సి.ఎ. చక్రం

పి.డి.సి.ఎ. చక్రం అనునది నాణ్యతా నిర్వహణలో నిరంతర మెరుగుదల కొరకు ఉపయోగించు నాలుగు దశల పద్ధతి. ప్లాన్, డూ, చెక్, యాక్ట్ అను నాలుగు ఆంగ్ల పదాల తొలి అక్షరాలతో ఈ పేరు ఏర్పడినది. తెలుగులో ఈ దశలను ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, సవరణ అని చెప్పుకొనవచ్చును. నాలుగవ దశ ముగిసిన చోటనే మరల మొదటి దశ ప్రారంభమగును గనుక దీనిని చక్రముగా చిత్రించెదరు. కర్మాగారాలలోను, ఆసుపత్రులలోను, కార్యాలయాలలోను గోడలకు వ్రేలాడు పటాలలో ఈ చక్రము తరచుగా కనిపించును. డెమింగ్ చక్రం, షూహార్ట్ చక్రం అను పేర్లు కూడ దీనికి వాడుకలో ఉన్నవి.

ఈ రెండు పేర్లలో ఏది సరియైనదన్న విషయమై చాలా అయోమయమున్నది. వాల్టర్ షూహార్ట్ గీచిన చక్రంలో నాలుగు దశలు లేవు, మూడే ఉన్నవి. ఎడ్వర్డ్స్ డెమింగ్ అయితే పి.డి.సి.ఎ. తనది కాదని చెప్పాడు. ఇప్పుడు మనము వాడుచున్న నాలుగు మాటలు జపానులో పుట్టినవి. వాటిని మొదట కూర్చిన వ్యక్తి పేరు చరిత్రలో నమోదు కాలేదు. ఈ చరిత్రలో భారతదేశానికి, అందునా తెలుగువారికి కొంత సంబంధము ఉన్నది. అది సాధారణముగా పాఠ్యపుస్తకాలలో కనిపించదు కావున ఈ వ్యాసంలో కొంత విపులముగా ఇవ్వబడినది.

ఒక ఉదాహరణ: గోగునార ఊరవేయుట

చరిత్రలోనికి వెళ్ళుటకు ముందు ఈ చక్రము ఎట్లు తిరుగునో తెలిసికొనుట మంచిది. సాధారణముగా ఇచ్చు ఉదాహరణలు మోటారుకార్ల కర్మాగారాలకు సంబంధించినవి. మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణను తీసికొందము. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో గోగు పంట ఒకప్పుడు విస్తారముగా పండెడిది. జూట్ మిల్లు వలన పేరు పొందిన నెల్లిమర్ల పరిసరాలలో ఈ నార సంగతి తెలియనివారు అరుదు. గోగును కోసి కట్టలు కట్టి చెరువులోనో, కుంటలోనో, గెడ్డలోనో ఊరవేయుదురు. రెండు మూడు వారాలకు బెరడు మెత్తబడి నార ఊడివచ్చును. ఊరుట చాలకపోతే నారకు బెరడు అంటుకొని ఉండును; ఎక్కువైతే నార బలహీనపడి తెగిపోవును.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. గోగు కాడ మొదలు లావుగాను, కొస సన్నముగాను ఉండును. కొస ఊరినంత త్వరగా మొదలు ఊరదు. కొస కొరకు తీసివేస్తే మొదలున బెరడు మిగిలిపోవును. మొదలు కొరకు ఆగితే కొస కుళ్ళును. ఒక రైతుకు ఒక ఆలోచన వచ్చినదనుకొందము: కట్టలను ముందు మూడు రోజులు నీటిలో నిలువుగా నిలబెట్టి మొదళ్ళు మాత్రమే తడియనిచ్చి, తరువాత పడుకోబెట్టి ముంచితే ఎట్లుండును? ఇది ప్రణాళిక. అయితే ఆలోచన ఒక్కటే ప్రణాళిక కాదు. ఏమి జరుగునని తాను ఊహించుచున్నాడో, దానిని దేనితో పోల్చి చూచునో కూడ ముందుగానే అనుకొనవలెను. మొదలు వద్ద బెరడు తగ్గునని అతని ఊహ. కావున ఇరువది కట్టలలో పదింటిని కొత్త పద్ధతిలోను, పదింటిని పాత పద్ధతిలోను, ఒకే కుంటలో ఒకే కాలమున వేయవలెను. వేరు వేరు కుంటలలో వేస్తే తేడా నీటిదో పద్ధతిదో తెలియదు.

అట్లు వేయుట ఆచరణ. నార తీసి, కడిగి, ఆరబెట్టిన తరువాత రెండు రకాలను ప్రక్కప్రక్కన పెట్టి బెరడు, రంగు, బలము, తూకము చూచుట పరిశీలన. ఊహ నిజమైతే మరుసటి ఏట మొత్తము పంటను అట్లే ఊరవేయును, కాకపోతే విడిచిపెట్టును, సగము నిజమైతే మూడు రోజులకు బదులు నాలుగు రోజులు నిలబెట్టి చూచును. ఇది సవరణ. ఇక్కడితో ఆగదు. మరుసటి ఏడు వానలు తక్కువైతే కుంటలో నీరు తక్కువగును, అప్పుడు మరియొక ప్రశ్న పుట్టును.

ఇదే నార కాటా దగ్గరకు వచ్చినప్పుడు కొనుగోలుదారు కూడ పరిశీలించును. నారను చేతితో సాగదీసి, మొదలు చూచి, ఇది రెండవ రకమనో మూడవ రకమనో చెప్పి ధర తగ్గించును. రైతు ఇంటికి వచ్చును. ధర ఎందుకు తగ్గినదో అతనికి సగమే తెలియును. మరుసటి ఏట ఏమి మార్చవలెనో అసలే తెలియదు. పరిశీలన జరిగినది గాని చక్రము తిరుగలేదు. ఈ రెండు రకాల పరిశీలనలకు గల తేడాయే ఈ విషయమంతటికి ఆయువుపట్టు. డెమింగ్ తన చివరి సంవత్సరాలలో పట్టుబట్టినది కూడ ఈ తేడా గురించే.

షూహార్ట్: మూడు దశల చక్రము

వాల్టర్ ఆండ్రూ షూహార్ట్ (1891-1967) అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో జన్మించిన భౌతికశాస్త్రవేత్త. 1918లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరాడు. షికాగో వద్ద హాథోర్న్‌లో ఉన్న ఆ సంస్థ కర్మాగారంలో టెలిఫోను పరికరాలు తయారయ్యెడివి. తయారైన వస్తువులను చివర ఒకచోట పరీక్షించి, చెడ్డవాటిని ఏరి పారవేయుటయే అప్పటికి నాణ్యత అనిపించుకొనెడిది. 1924 మే 16వ తేదీన షూహార్ట్ తన పైఅధికారికి ఒక పేజీకి మించని లేఖ వ్రాసి, అందులో ఒక పటము గీచి ఇచ్చాడు. దానినే తరువాత నియంత్రణ పటము, అనగా కంట్రోల్ చార్ట్ అన్నారు.

ఆ పటములోని ఆలోచన సులభమైనది. ఏ రెండు వస్తువులు ఒకే విధముగా ఉండవు. ఈ తేడాలలో కొన్ని ఆ పని పద్ధతిలోనే ఇమిడి ఎల్లప్పుడు ఉండునవి. కొన్ని ఏదో ప్రత్యేక కారణము వలన, ఒక యంత్రము అరిగిపోవుట వలననో, సరుకు మారుట వలననో, అప్పుడప్పుడు వచ్చునవి. మొదటి రకమునకు ఫలానివాడు కారణమని వేలు చూపుట వ్యర్థము, పద్ధతినే మార్చవలెను. రెండవ రకమునకు కారణము వెదకి తొలగించవలెను. ఏది ఏ రకమో చెప్పుటకు పటముపై రెండు హద్దుగీతలు ఉండును. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇది కొత్త కాదు. తరగతిలో నలుబదిమంది ఉండగా ఒక్కడు లెక్క తప్పితే వాని సంగతి చూడవలెను. ముప్పదియైదుగురు అదే లెక్క తప్పితే చెప్పిన పాఠము సంగతి చూడవలెను. అయితే మనలో చాలామందిమి రెండు సందర్భాలలోను బెత్తమే తీసినవారము.

షూహార్ట్ 1925లో బెల్ ప్రయోగశాలలకు మారి, 1931లో ఈ విషయముపై తన మొదటి పెద్ద గ్రంథాన్ని ప్రచురించాడు. చక్రము మాత్రము రెండవ గ్రంథంలో కనిపించును. 1938లో అమెరికా వ్యవసాయశాఖ వారి స్నాతకోత్తర విద్యాలయంలో ఆయన నాలుగు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆయనను పిలిపించినది అప్పుడు అదే శాఖలో పనిచేయుచున్న డెమింగ్. ఆ ఉపన్యాసాలను డెమింగ్ సంపాదకత్వంలో 1939లో పుస్తకముగా తెచ్చారు. వస్తువు ఎట్లుండవలెనో నిర్ణయించుట, దానిని తయారుచేయుట, తయారైనదానిని తనిఖీ చేయుట అను మూడు పనులను అంతకు ముందు ఒక సరళరేఖపై మూడు మజిలీలుగా భావించెడివారు. షూహార్ట్ ఆ రేఖను వంచి రెండు కొసలు కలిపాడు. తనిఖీలో తెలిసినది తిరిగి నిర్ణయము దగ్గరకు చేరవలెనన్నది ఇందలి సారాంశము. శాస్త్రవేత్త ఒక ఊహ చేసి, ప్రయోగము జరిపి, ఊహను పరీక్షించుటకు ఈ మూడు దశలు సరిగా సరిపోవునని కూడ ఆయన చూపాడు. అనగా ఆయన దృష్టిలో కర్మాగారము వస్తువులతో పాటు జ్ఞానాన్ని కూడ తయారుచేయు స్థలము.

ఈ ఆలోచనకు వెనుక ఉన్న తత్త్వవేత్తలలో ముఖ్యుడు సి.ఐ. లూయిస్. ఆయన 1929లో ప్రచురించిన గ్రంథము షూహార్ట్‌ను, ఆయన ద్వారా డెమింగ్‌ను ప్రభావితము చేసినది. ఇంకను వెనుకకు పోతే 1910లో జాన్ డ్యూయీ ఆలోచనా క్రమముపై వ్రాసినదానిని, 1620లో ఫ్రాన్సిస్ బేకన్ చెప్పిన ప్రయోగ పద్ధతిని కొందరు మూలాలుగా చూపెదరు. మన ప్రాచీన గ్రంథాలలోనే ఈ చక్రము ఉన్నదని వ్రాయువారు కూడ కలరు. చేసి, చూచి, దిద్దుకొనుట మానవులందరికి సహజమే గాని, ఊహను ముందే చెప్పి, దానిని పోల్చి, కొలిచి చూచు పద్ధతిగా దానిని స్థాపించుట వేరు. ఆ రెంటిని ఒకటిగా చెప్పుట సరికాదు.

బెంగాలులో జనపనార సర్వే

షూహార్ట్ చక్రము అచ్చులో రాకముందే మన దేశంలో అటువంటి పని ఒకటి పెద్దయెత్తున జరిగినది. దానికి చక్రమని ఎవరు పేరు పెట్టలేదు. కలకత్తాలో 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ (1893-1972) బెంగాలులో జనపనార ఎన్ని ఎకరాలలో వేయబడినదో అంచనా కట్టు పనిని 1937లో చేపట్టాడు. ప్రతి పొలాన్ని లెక్కించుటకు బదులు యాదృచ్ఛికముగా ఎంచిన కొన్ని స్థలాలను మాత్రమే చూచి మొత్తము తెలిసికొనవలెను. అయితే ఆ ముక్కలు ఎంత పెద్దవిగా, ఎన్ని ఉండవలెను? ఎంత ఖర్చుకు ఎంత తప్పు వచ్చును? ఇవి ఎవరికి తెలియవు.

ఆయన మొదట కొద్ది ప్రాంతంలో ప్రారంభించి, ఆ ఏడు వచ్చిన ఖర్చును, తప్పును లెక్కగట్టి, మరుసటి ఏడు పద్ధతిని మార్చి, ప్రాంతాన్ని పెంచుచు పోయాడు. 1941 నాటికి సర్వే రాష్ట్రమంతటికి విస్తరించినది. ఒక ఏటి సర్వే ఫలితము మరుసటి ఏటి సర్వేకు ప్రణాళిక అయినది. ఈ అనుభవాన్ని 1944లో లండను రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. 1945లో ఆ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. నాణ్యతా నిర్వహణ చరిత్రలు ఈ సర్వేను పేర్కొనవు. పేర్కొనవలసినదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

విశాఖపట్నం నుండి కలకత్తాకు

ఈ సర్వే పూర్తి కావచ్చుచున్న రోజులలోనే విశాఖపట్నంలో చదివిన ఒక తెలుగు యువకుడు మహలనోబిస్ సంస్థలో చేరాడు. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920-2023), సి.ఆర్. రావుగా ప్రసిద్ధుడు. బళ్ళారి జిల్లా హూవిన హడగళిలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామలలో చదువుకొని, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాలలో ఇంటర్మీడియట్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేశాడు. ఉద్యోగము కొరకు కలకత్తా వెళ్ళినప్పుడు గణాంక సంస్థ గురించి తెలిసి, 1941 జనవరిలో అందులో శిక్షణకు చేరాడు.

ఆయన కృషిలో మన విషయానికి సంబంధించినది ఆర్థోగొనల్ ఎరేలు అను గణిత నిర్మాణము. 1940ల మధ్యకాలంలో దీనిని ఆయన ప్రతిపాదించాడు. దీని ప్రయోజనము గోగునారతోనే చెప్పవచ్చును. నార నాణ్యతను మార్చగల విషయాలు ఏడు ఉన్నవనుకొందము: కోత కాలము, కట్ట పరిమాణము, నీటి లోతు, నిలబెట్టు రోజులు, ముంచు రోజులు, పైన వేయు బరువు, నీరు పారునదా నిలువ ఉండునదా అనుట. ఒక్కొక్కదానికి రెండేసి మార్గాలున్నా, అన్ని కలయికలను ప్రయత్నించుటకు 128 ప్రయోగాలు చేయవలెను. ఏ రైతుకు, ఏ మిల్లుకు అంత ఓపిక ఉండదు. ఆర్థోగొనల్ ఎరే ప్రకారము ఎంచుకొన్న ఎనిమిది ప్రయోగాలతోనే ఏడింటిలో ఒక్కొక్కదాని ముఖ్య ప్రభావము తెలియగలదు, అవి ఒకదానిపై ఒకటి పెద్దగా ఆధారపడనప్పుడు. చక్రములోని ప్రణాళిక దశకు ఇంతకంటె గొప్ప సాధనము దొరకుట కష్టము.

జపాను ఇంజనీరు గెనిచి టగూచి (1924-2012) 1954-55లో కలకత్తాలోని ఇదే సంస్థకు అతిథి ఆచార్యుడుగా వచ్చాడు. తరువాత ఆయన ఆర్థోగొనల్ ఎరేలను ఆధారముగా చేసికొని రూపొందించిన పద్ధతులు టగూచి పద్ధతులుగా ప్రపంచమంతట కర్మాగారాలకు ప్రాకినవి. వాటిని నేర్చుకొను మన ఇంజనీరింగు విద్యార్థులలో చాలామందికి అవి జపానునుండి వచ్చినవని మాత్రమే తెలియును. సి.ఆర్. రావుకు 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించినవి. ఆయన పేరిట హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఒక పరిశోధన సంస్థ ఉన్నది.

షూహార్ట్ కూడ భారతదేశానికి వచ్చాడు. 1947-48లో మహలనోబిస్ ఆహ్వానముపై సుమారు మూడు మాసాలు ఇక్కడ ఉండి, పారిశ్రామిక కేంద్రాలలో గణాంక నాణ్యతా నియంత్రణ గురించి బోధించాడు. (అప్పుడు సి.ఆర్. రావు కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద పరిశోధన చేయుచున్నాడు.) దేశంలో ఈ శాస్త్రము యొక్క వ్యాప్తి ఆ పర్యటనతో ఊపందుకొన్నది. తరువాత గణాంక సంస్థ వివిధ నగరాలలో నాణ్యతా నియంత్రణ విభాగాలను తెరచినది. హైదరాబాదు విభాగము అందులో ఒకటి. తేదీలను గమనించవలెను. చక్రమును మొదట గీచినవాడు మన దేశానికి వచ్చినది 1947లో. డెమింగ్ జపానులో తన ప్రఖ్యాత ఉపన్యాసాలు ఇచ్చినది 1950లో.

జపాను: నాలుగు మాటల పుట్టుక

విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్ (1900-1993) విద్యార్థిగా ఉన్నప్పుడు రెండు వేసవులు హాథోర్న్ కర్మాగారంలోనే పనిచేశాడు. షూహార్ట్‌తో పరిచయము తరువాత కలిగినది. 1947లో జపాను జనాభా లెక్కల పనికి సాయపడుటకు ఆ దేశము వెళ్ళాడు. 1950లో జపాను శాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘము ఆయనను మరల పిలిచినది. యుద్ధంలో సర్వము కోల్పోయిన దేశమది. చవకరకపు వస్తువులకు మారుపేరుగా ఉండెడిది. డెమింగ్ ఇంజనీర్లకు ఎనిమిది రోజుల తరగతులు నిర్వహించుటతో ఆగక, పరిశ్రమాధిపతులను కూడ సమావేశపరచి మాట్లాడాడు. ఇది ముఖ్యము. అమెరికాలో యుద్ధకాలంలో ఇంజనీర్లకు నేర్పిన విద్య యజమానులకు పట్టకపోవుట వలన ఆరిపోయినదని ఆయన అనుభవము.

ఆ ఉపన్యాసాలలో ఆయన షూహార్ట్ చక్రాన్ని మార్చి చెప్పాడు. వస్తువును రూపకల్పన చేయుట, తయారుచేయుట, అమ్ముట, అమ్మిన తరువాత వాడువారి వద్ద అది ఎట్లు పనిచేయుచున్నదో, కొననివారు ఎందుకు కొనలేదో తెలిసికొనుట, ఆ తెలిసినదానితో మరల రూపకల్పన చేయుట. నాలుగవ మెట్టు ఆయన చేర్చినది. షూహార్ట్ చక్రము కర్మాగారపు గోడల మధ్యనే తిరుగగా, డెమింగ్ దానిని కొనుగోలుదారు ఇంటి వరకు తీసికొనిపోయాడు.

1951 ప్రాంతంలో జపాను వారు ఈ చక్రాన్ని తమ అవసరానికి తిరిగి వ్రాసికొన్నారు. రూపకల్పన ప్రణాళిక అయినది. తయారీ ఆచరణ అయినది. అమ్మకము, కొనుగోలుదారు తృప్తిపడినాడా లేదా అని తెలుపును గనుక, పరిశీలన అయినది. పరిశోధన సవరణ అయినది. కైజెన్ గురించి 1986లో గ్రంథము వ్రాసిన మసాకి ఇమాయి ఈ విధముగానే వివరించాడు గాని, మార్చినవారెవరో పేరు చెప్పలేదు. ఈ మార్పు వలన చక్రము ఒక్క వస్తువుకే కాక ఏ పనికైనను వర్తించునదైనది. ఆచార్య కవోరు ఇషికావా (1915-1989) ప్రణాళికను రెండుగా విడగొట్టి, లక్ష్యము నిర్ణయించుట, దానిని చేరు మార్గము నిర్ణయించుట అన్నాడు. ఆచరణను కూడ రెండుగా విడగొట్టి, ముందు పనివారికి శిక్షణ ఇచ్చుట, తరువాత పని చేయుట అన్నాడు. శిక్షణ ఇవ్వకుండ పని చెప్పి తప్పు పట్టుట ఎంత సాధారణమో తెలిసినవారికి ఈ విభజన విలువ తెలియును.

ఉపన్యాసాల పుస్తకముపై తనకు రావలసిన సొమ్మును డెమింగ్ తీసికొనలేదు. ఆ ధనముతో 1951లో డెమింగ్ బహుమతిని ఏర్పాటుచేశారు. 1998లో మద్రాసుకు చెందిన సుందరం క్లేటన్ ఈ బహుమతిని పొందిన తొలి భారతీయ సంస్థ అయినది.

డెమింగ్ అభ్యంతరము

జపానులో పేరు పొందిన చాలాకాలమునకు, 1980లో ఒక టెలివిజన్ కార్యక్రమము ద్వారా, డెమింగ్ తన స్వదేశంలో ప్రసిద్ధుడయ్యాడు. అప్పటికి పి.డి.సి.ఎ. చక్రము ఆయన పేరుతో తిరిగి అమెరికా చేరినది. ఆయనకు అది రుచించలేదు. 1986లో తన గ్రంథంలో ఈ చక్రాన్ని షూహార్ట్ చక్రముగానే పేర్కొన్నాడు. 1993 నాటి గ్రంథంలో మూడవ దశకు చెక్ అను మాటకు బదులు స్టడీ, అనగా అధ్యయనము, అని వ్రాశాడు. అందువలన ఆయన రూపము పి.డి.ఎస్.ఎ. అయినది. పి.డి.సి.ఎ. అనునది అసలుకు వక్రరూపమని ఆయన ఉత్తరాలలో వ్రాసినట్లు తెలియుచున్నది.

ఒక్క మాట కొరకు ఇంత పట్టుదల ఎందుకని అనిపించవచ్చును. ఆంగ్లంలో చెక్ అను మాటకు అడ్డగించుట, సరిచూచుట అను అర్థాలున్నవి. చెప్పినట్లు చేశారా లేదా అని చూచుట చెక్. అనుకొన్నది ఎందుకు జరిగినది, ఎందుకు జరుగలేదు, మన ఊహలో తప్పెక్కడ ఉన్నది అని తెలిసికొనుట అధ్యయనము. మొదటిదానిలో తప్పు పనివానిది కావచ్చును; రెండవదానిలో తప్పు ప్రణాళిక వేసినవానిది కూడ కావచ్చును. పైవారికి మొదటిది ఎందుకు ఇష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనిని చూపుటకు డెమింగ్ తన తరగతులలో ఎర్రపూసల ప్రయోగము చేయించెడివాడు. ఒక పెట్టెలో తెల్లపూసలు నాలుగు వంతులు, ఎర్రపూసలు ఒక వంతు కలిపి ఉంచెదరు. ఏబది గుంటలున్న ఒక పలకను పూసలలో ముంచి పైకి తీయుట పనివారి పని. ఎర్రపూస వస్తే లోపము. ఏ పనివాడు ఎంత జాగ్రత్తగా ముంచినను సగటున పది ఎర్రపూసలు వచ్చుట తప్పదు; ఒకనాడు ఆరు, ఒకనాడు పదునాలుగు. ఆరు వచ్చినవానిని యజమాని పాత్రధారి మెచ్చుకొనును, పదునాలుగు వచ్చినవానిని మందలించును, గోడకు నినాదాలు అంటించును, చివరకు కొందరిని పనిలోనుండి తీసివేయును. పెట్టెలోని ఎర్రపూసల సంగతి మాత్రము ఎత్తడు. చూచువారు నవ్వుదురట. పని పద్ధతిలోని లోపాలలో నూటికి 94 వ్యవస్థవని, దానిని మార్చవలసిన బాధ్యత యాజమాన్యానిదని డెమింగ్ అంచనా. ఆ సంఖ్య ఆయన అనుభవము మీద చెప్పినది గాని కొలిచి చెప్పినది కాదు.

రామచంద్రాపురంలో క్వాలిటీ సర్కిళ్ళు

జపానులో 1962 నుండి ఇషికావా ప్రోత్సాహముతో పనివారే చిన్న బృందాలుగా కూర్చుండి తమ పనిలోని సమస్యలను తామే ఎంచుకొని పరిష్కరించుకొను పద్ధతి మొదలైనది. వీటిని క్వాలిటీ కంట్రోల్ సర్కిళ్ళు అన్నారు. పి.డి.సి.ఎ. చక్రాన్ని ఇంజనీరు బల్లమీది నుండి యంత్రము దగ్గర నిలబడినవాని చేతికి తెచ్చినవి ఇవే. ఇక్కడ ఒక పొరపాటును సవరించవలెను: సర్కిల్ అనునది ఇక్కడ మనుషుల బృందము, పి.డి.సి.ఎ. చక్రము ఆ బృందము వాడు పద్ధతి. రెండును ఒకటి కావు.

భారతదేశంలో తొలి క్వాలిటీ సర్కిల్ హైదరాబాదు శివార్లలోని రామచంద్రాపురం భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారంలో 1980లో ప్రారంభమైనది. అక్కడ జనరల్ మేనేజరుగా ఉన్న ఎస్.ఆర్. ఉడుప దీనికి కారకుడు. 1982లో సికింద్రాబాదు కేంద్రముగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడి, ఇతర రాష్ట్రాలకు ఈ ఉద్యమాన్ని వ్యాపింపజేసినది. షూహార్ట్ పర్యటనకు, రామచంద్రాపురంలోని మొదటి బృందానికి మధ్య ముప్పదిరెండు సంవత్సరాలు గడచినవి. గణితము తెలిసినవారు మనకు ముందునుండి ఉన్నారు. అందులో ప్రపంచంలో అగ్రగణ్యులు తెలుగువారే. ఆలస్యమైనది గణితము కాదు. పనివానికి తన పని గురించి చెప్పదగిన సంగతి ఉన్నదని ఒప్పుకొనుట ఆలస్యమైనది.

సర్కిల్ సాధారణముగా ఆరు నుండి పదిమంది వరకు, ఒకే చోట పనిచేయువారితో ఏర్పడును. చేరుట స్వచ్ఛందము. వారమునకొక గంట సమావేశమగుదురు. సమస్యల పట్టిక వ్రాసికొని, ఎక్కువ నష్టము కలిగించుదానిని ఎంచుకొని, కారణాలను చేపముల్లు ఆకారములో గీచి (ఇది కూడ ఇషికావా కల్పనయే), ఒక మార్పును చిన్నయెత్తున చేసి చూచి, ఫలితాన్ని యాజమాన్యము ముందు తామే వివరించెదరు. బడిలో పదవ తరగతి దాటని పనివాడు తన ఇంజనీర్ల ఎదుట నిలబడి పటము చూపి మాట్లాడుట, ఈ పద్ధతిలో లెక్కకు రాని లాభము.

ప్రమాణాలలో ప్రవేశము, విమర్శలు

పర్యావరణ నిర్వహణకు సంబంధించిన ఐ.ఎస్.ఓ. 14001 ప్రమాణము 1996లో ఈ చక్రము ఆధారముగా రూపొందినది. నాణ్యతకు సంబంధించిన ఐ.ఎస్.ఓ. 9001 ప్రమాణపు 2000 సంవత్సరపు కూర్పులో పి.డి.సి.ఎ. ప్రస్తావన చేరినది, 2015 కూర్పులో ప్రమాణపు అధ్యాయాల అమరికనే చక్రానికి అనుగుణముగా చూపారు. దీనితో ప్రపంచమంతట లక్షల సంస్థలకు ఈ నాలుగు మాటలు తప్పనిసరి అయినవి.

తప్పనిసరి అగుటతోనే కొత్త చిక్కు వచ్చినది. ప్రమాణపత్రము కొరకు తనిఖీకి వచ్చువారికి చూపుటకు దస్త్రాలు ఉండవలెను. కావున చక్రము దస్త్రాలలో తిరుగును. ప్రణాళిక సంవత్సరారంభంలో వ్రాయబడును, పరిశీలన తనిఖీకి ముందు వారంలో వ్రాయబడును, సవరణ అను గడిలో సిబ్బందికి సూచనలు ఇవ్వబడినవి అని వ్రాయబడును. ప్రభుత్వ కార్యాలయాలలోను, పాఠశాలలలోను పనిచేసినవారికి ఈ వాక్యము పరిచితమే. మరియొక విమర్శ యేమనగా, ఈ చక్రము చిన్న చిన్న మెరుగులకు తగినది గాని, పనినే పూర్తిగా మార్చవలసినప్పుడు చాలదని. ఇది కొంత నిజము. గోగునార ఊరవేయుటను ఎంత మెరుగుపరచినను, గోనెసంచికి బదులు ప్లాస్టిక్ సంచి వచ్చినప్పుడు ఆ చక్రము సమాధానము చెప్పలేదు. డెమింగ్ చేర్చిన నాలుగవ మెట్టు, కొననివారు ఎందుకు కొనలేదన్న ప్రశ్న, అప్పుడు అవసరమగును.

ఇతర రూపాలు

1980లలో మోటరోలా సంస్థలో మొదలైన సిక్స్ సిగ్మా పద్ధతిలో నిర్వచించుట, కొలుచుట, విశ్లేషించుట, మెరుగుపరచుట, నియంత్రించుట అను అయిదు దశలు వాడుకలోనికి వచ్చినవి. ఇవి పి.డి.సి.ఎ.కు విస్తృతరూపమే. వైద్యరంగంలో మాత్రము డెమింగ్ కోరిన పి.డి.ఎస్.ఎ. రూపమే స్థిరపడినది. 2010ల దశకంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఆరోగ్యశ్రీ పరిధిలోని కొన్ని ఆసుపత్రులలో నవజాత శిశు మరణాలను తగ్గించుటకు చేపట్టిన కార్యక్రమంలో ఈ పద్ధతిని వాడారు. చేతులు కడుగుకొనుట వంటి ఒక్కొక్క అలవాటును ఎంచుకొని, కొద్ది రోజులు, కొద్ది పడకల వద్ద ప్రయత్నించి, లెక్క వ్రాసికొని, తరువాత వార్డు అంతటికి విస్తరింపజేయుట ఇటువంటి కార్యక్రమాలలో సాధారణ క్రమము. అందులో లెక్క వ్రాయువారు ఎక్కువగా నర్సులు.